ఉన్నదాన్ని హాయిగా అనుభవిస్తూ, దానికి అంటుకోకుండా ఉండడం ఎలా?

తిరుపతి వెళ్లొచ్చిన వాళ్ల ఇంట్లో లడ్డూ ఏమవుతుందో గమనించే ఉంటారు. ముందు దేవుడి దగ్గర పెడతారు. తర్వాత చిన్న చిన్న ముక్కలు చేసి పక్కింటికి, పై వాటాలో వాళ్లకు, ఆఫీసుకు, పనిమనిషి పిల్లలకు పంచుతారు. మిగిలింది కళ్లకద్దుకుని తామూ ఇష్టంగా తింటారు. జీడిపప్పు తగిలితే సంతోషం, తగలకపోతే ఫిర్యాదు లేదు. చివరి ముక్క అయిపోయిందని ఎవరూ కుంగిపోరు. అదే లడ్డూను స్వీటు షాపులో కిలో లెక్కన కొన్నామనుకోండి, డబ్బాలో పెట్టి ఎవరెన్ని తిన్నారో లెక్క చూస్తాం.

రెండిట్లోనూ ఉన్నది శనగపిండి, చక్కెర, నెయ్యే. స్వామి ఇచ్చాడనుకున్నదాన్ని మాత్రం పంచుతూ తింటాం. దానివల్ల రుచి తగ్గదు సరికదా, పెరుగుతుంది. ఇల్లు, కారు, నగలు, పొలం, బ్యాంకులో డబ్బు కూడా ఇలాగే అనుభవించవచ్చని నా నమ్మకం. ఆ పని ఎలా చేయాలో ఒక్కో మెట్టుగా చెబుతాను.

దీనికి మూలం ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రంలో ఉంది. "ఈశావాస్యమిదం సర్వం యత్కించ జగత్యాం జగత్, తేన త్యక్తేన భుంజీథా మా గృధః కస్యస్విద్ధనమ్." ఈ జగత్తులో కదిలేదంతా ఈశ్వరుడితో నిండినదే, వదిలిన మనసుతో అనుభవించు, ఎవరి ధనానికీ ఆశపడకు అని దాని సారం. అనుభవించవద్దని అక్కడ లేదు. ఎలా అనుభవించాలో ఉంది.

ఇది సంసారుల కోసం రాస్తున్నాను. ఈఎంఐలు, పిల్లల ఫీజులు, పెళ్లిళ్లలో పెట్టుపోతలు ఉన్నవాళ్ల కోసం. ఒక్క మాట ముందే చెప్పాలి. ఏమీ లేనివాళ్ల దగ్గరికి వెళ్లి ఈ బోధ చేయకండి. ఇంటి అద్దె కట్టలేక ఇబ్బంది పడుతున్న మనిషికి వస్తువుల మీద మమకారం వదులుకోమని చెప్పడం పాపం. చేతనైతే అద్దె కట్టి రండి.

1. మీ పట్టు ఎక్కడుందో కనిపెట్టండి

ఒక ఆదివారం తీరిగ్గా ఇల్లంతా తిరగండి. ప్రతి వస్తువు దగ్గరా ఆగి ఒకటే ఊహించుకోండి. ఎవరో వచ్చి "రెండు రోజులు వాడుకుని ఇస్తాను" అన్నారు. మీ లోపల ఏం జరిగింది? చాలా వస్తువుల విషయంలో ఏమీ జరగదు. కుర్చీలు, బకెట్లు, నిచ్చెన ఎవరడిగినా ఇచ్చేస్తారు. కొన్నిటి దగ్గర మాత్రం గుండె కాస్త బిగుసుకుంటుంది. కొత్త కారు. అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు. గీత పడకుండా చూసుకుంటున్న ఫోను. ఎవరినీ కూర్చోనివ్వని ఆ ఒక్క సోఫా.

వాటిని ఒక కాగితం మీద రాయండి. ఇప్పుడే వదిలేయాలని అనుకోవద్దు, మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. ఊరికే రాయండి.

ఖరీదుకీ పట్టుకీ సంబంధం లేదని ఆ జాబితా చూస్తే తెలుస్తుంది. కోటి రూపాయల ఫ్లాటును తేలిగ్గా చూసే మనిషి ఒక స్టీలు టిఫిన్ బాక్సు పోయిందని రాత్రంతా బాధపడవచ్చు. అందుకే "తక్కువ వస్తువులు ఉంటే చాలు, వైరాగ్యం వచ్చినట్టే" అనే మాటను నేను ఒప్పుకోను. మహాభారతం శాంతిపర్వంలో జనకుడు "మిథిల అంతా కాలిపోతున్నా నాదంటూ కాలేది ఏమీ లేదు" అంటాడు. రాజ్యం ఏలుతూ అన్న మాట అది. మంటలు ఆర్పకుండా కూర్చుంటానని దానర్థం కాదు. రాజుగా ఆర్పాల్సిందే, ఆర్పుతాడు. ఆర్పేటప్పుడు ఆయన లోపల మాత్రం ఏదీ కాలదు.

2. కొనకముందే జాగ్రత్త పడండి

మమకారం వస్తువు ఇంటికొచ్చాక పుట్టేది అనుకుంటాం. భగవద్గీత రెండో అధ్యాయం దాని పుట్టుక అంతకు ముందే ఉందంటుంది. "ధ్యాయతో విషయాన్ పుంసః సంగస్తేషూపజాయతే." ఒకదాన్ని పదే పదే తలచుకోవడంతో దానితో సంగం మొదలవుతుంది. సంగం నుంచి కోరిక, కోరిక నుంచి కోపం, అక్కడి నుంచి మతి తప్పడం దాకా గొలుసు సాగుతుంది. రాత్రి పడుకునే ముందు షాపింగ్ యాప్‌లో అదే వాచీని పదోసారి చూస్తున్నప్పుడు ఆ గొలుసులో మొదటి కడియం మీరే తగిలించుకుంటున్నారు. ఇంకా డబ్బు కట్టలేదు, అయినా అది దొరకకపోతే విసుగు వచ్చే స్థితికి చేరిపోయారు.

చేయాల్సిందల్లా ఇది. కావాలనిపించినది ఏదైనా తేదీ వేసి కాగితం మీద రాసి, చూడడం ఆపేయండి. యాప్‌లో కార్ట్ ఖాళీ చేయండి. తర్వాత వచ్చే ఏకాదశి నాడు ఆ కాగితం తీయండి. ఏకాదశి పక్షానికి ఒకటి వస్తుంది కాబట్టి ఎక్కువ రోజులు ఆగాల్సిన పని లేదు. అప్పటికీ అది పనికొచ్చేదే అనిపిస్తే, అప్పు చేయకుండా కొనగలిగితే, సంతోషంగా కొనండి. చాలావాటిని ఎందుకు రాశామో కూడా ఆ రోజుకు గుర్తుండదు.

తోటికోడలు కొన్నదనో, బావమరిది అమెరికాలో ఏదో తీసుకున్నాడనో పుట్టిన కోరికైతే రాసిన చోటే కొట్టేయండి.

3. హద్దు గీసుకోండి, వాటాలు వేయండి

జైనంలో గృహస్థులకు పరిగ్రహ పరిమాణం అనే వ్రతం ఉంది. సన్యాసులు అన్నీ వదిలేస్తారు. సంసారులు మాత్రం పొలం, ఇల్లు, వెండి, బంగారం, ధాన్యం, సామాను, ఇలా ఒక్కోదానికి ఇంతవరకే అని తమకు తామే హద్దు పెట్టుకుంటారు. ఇది ఏ మతం వాళ్లయినా చేయదగిన పని. ముఖ్యంగా డబ్బు పెరుగుతున్న వయసులో, ముప్పై, నలభై ఏళ్లప్పుడు చేయాలి. ఎన్ని ఇళ్లు చాలు? ఎంత బంగారం చాలు? ఎన్ని ప్లాట్లు? ఆ అంకె ఇప్పుడే, మనసు ప్రశాంతంగా ఉన్నప్పుడే రాసిపెట్టుకోండి. భార్యాభర్తలు కలిసి కూర్చుని రాస్తే మరీ మంచిది. లేకపోతే గీత పదహారో అధ్యాయంలో చెప్పినట్టు "ఈ రోజు ఇది దొరికింది, ఇక ఆ కోరిక తీర్చుకుంటాను, ఇంత ఉంది, ఇంకా ఇంత వస్తుంది" అనుకుంటూనే బతుకు వెళ్లిపోతుంది. ఆ శ్లోకం చదివినప్పుడల్లా ఈ కాలం సంభాషణ ఎవరో విని రాసినట్టే ఉంటుంది.

హద్దు ఆస్తికి. వచ్చే ఆదాయానికి వాటాలు కావాలి. భాగవతం ఎనిమిదో స్కంధంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి చెప్పిన లెక్క ఒకటుంది. ధర్మానికి, కీర్తికి, మళ్లీ సంపాదనకు, తన భోగానికి, తన వాళ్లకు అని విత్తాన్ని అయిదుగా పంచుకున్నవాడు ఇక్కడా అక్కడా సుఖపడతాడని ఆ శ్లోకం. ఆ మాట ఆయన వామనుడికి దానం ఇవ్వకుండా బలిని ఆపడానికి చెప్పాడు. బలి వినలేదు, మాటకు కట్టుబడి అంతా ఇచ్చేశాడు. అది బలి స్థాయి. మనకు శుక్రాచార్యుడి లెక్క చాలు.

నెలకు లక్ష రూపాయలు ఇంటికొచ్చే కుటుంబం అనుకుందాం. శ్లోకంలో సమాన వాటాలని లేదు కాబట్టి ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు వేసుకోవచ్చు. ఇంటి ఖర్చు, ఈఎంఐ, పిల్లలు, పెద్దవాళ్ల మందులు కలిపి తన వాళ్ల వాటా 57,000. పొదుపు, పెట్టుబడి 25,000. తమ సరదాలకు 8,000. గుడికి, బడికి, ఆకలికి, అంటే ధర్మానికి 5,000. నలుగురిలో చేసే మంచి పనులకు, పెళ్లి కానుకలకు, ఊళ్లో గ్రంథాలయానికి మరో 5,000. మీ అంకెలు వేరుగా ఉంటాయి. ఏ వాటా సున్నా కాకుండా చూసుకోండి.

సరదా వాటా గురించి గట్టిగా చెప్పాలి. భోగానికి కూడా శాస్త్రం ఒక వాటా పెట్టింది. ఆ డబ్బుతో బిర్యానీ తిన్నా, సినిమాకు వెళ్లినా, వీణ కొనుక్కున్నా తప్పు చేసినట్టు ముడుచుకోవద్దు. ధర్మం వాటా ముందు తీసి పక్కన పెట్టినవాడు భోగం వాటాను నిబ్బరంగా అనుభవించవచ్చు.

4. ఇంటికి రాగానే ముందు సమర్పించండి

కొత్త బండి కొంటే మనం ఇంటికి తీసుకురాకముందే ఆంజనేయస్వామి గుడికి తీసుకెళతాం. కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, తాళాలు పూజారి చేతికిస్తాం. ఆయన స్వామి పాదాల దగ్గర పెట్టి తిరిగి ఇస్తాడు. ఆ తిరిగి ఇచ్చే క్షణం దగ్గర కాస్త నిలబడండి. దిష్టి తగలకూడదనో, ప్రమాదాలు జరగకూడదనో మాత్రమే పూజ చేయించి వెళ్లిపోతాం. ఇచ్చేశాం, మళ్లీ స్వామి వాడుకోమని ఇచ్చాడు, ఇక ఇది నా చేతిలో ఉన్న స్వామి బండి అనుకుని ఎక్కండి. తాగి నడపరు. అంబులెన్సుకు దారి ఇవ్వకుండా ఉండరు. వానలో నిలబడ్డ ముసలాయన్ని దాటి వెళ్లడం కష్టమవుతుంది.

హోమంలో ఆహుతి వేసి "అగ్నయే ఇదం న మమ" అంటారు. ఇది అగ్నిది, నాది కాదు అని. ఆ ఒక్క వాక్యాన్ని హోమకుండం దగ్గరే వదిలేయకుండా ఇంట్లోకి తెచ్చుకోండి. జీతం పడిన రోజు, పంట డబ్బు చేతికొచ్చిన రోజు, కొత్త ఇంటి రిజిస్ట్రేషన్ అయిన రోజు ఒకసారి మనసులో అనుకోండి. ముస్లిం అయితే బిస్మిల్లా అని, క్రైస్తవుడైతే ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పి మొదలుపెడతారు. దేవుడిని నమ్మనివాళ్లు ఆ వస్తువు తయారు కావడానికి చెమటోడ్చిన మనుషులను తలుచుకోవచ్చు.

5. వాడండి, బాగా వాడండి

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. వైరాగ్యం అంటే వాడకపోవడం అనుకుంటారు. మన ఇళ్లు చూస్తే నాకు సరిగ్గా తిరగేసి అనిపిస్తుంది. వాడకుండా దాచిన వస్తువుల్లోనే మన మమకారమంతా ఉంది.

బీరువా తెరవండి. పెళ్లినాటి ధర్మవరం చీర, ఇష్టపడి కొన్న గద్వాల చీర, కవర్లోంచి కూడా తీయని ఉప్పాడ చీర. ఎప్పుడు కడతారంటే "ఏదైనా ఫంక్షన్ వస్తే" అంటారు. ఫంక్షన్ వస్తే "ఈ రద్దీలో ఎందుకు, పాడవుతుంది" అంటారు. పట్టుచీర ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే జరీ ఆ మడత దగ్గరే విరిగిపోతుంది. కట్టకపోయినా అది పోతూనే ఉంది. అటక మీద ఇత్తడి గంగాళం, షోకేసులో అతిథుల కోసమని పెట్టిన కప్పులు, ప్లాస్టిక్ కవరు తీయని కారు సీట్లు, అన్నిటిదీ ఇదే కథ. కప్పులు అందరికన్నా ముఖ్యమైన అతిథి కోసం ఎదురు చూస్తుంటాయి. ఇంట్లోవాళ్లు మాత్రం అంచు విరిగిన గ్లాసుల్లో టీ తాగుతుంటారు.

ధనానికి దానం, భోగం, నాశం అని మూడే దారులనీ, ఇవ్వనివాడి, అనుభవించనివాడి సొమ్ముకు మూడో దారే గతి అనీ భర్తృహరి అన్నాడు. ఇవ్వడమూ చేతకాక, అనుభవించడమూ చేతకాక కాపలా కాయడమే బతుకైపోయిన మనుషులు మన చుట్టూ ఎంతమందో. మంచి మనుషులే. వాళ్లను చూస్తే బాధేస్తుంది.

కాబట్టి ఈ వారమే ఒక మంచి వస్తువును బయటికి తీయండి. మంగళవారం మామూలు పప్పన్నానికి మంచి కంచాలు పెట్టండి. ఆ చీర కట్టుకుని కూరగాయల మార్కెట్‌కే వెళ్లండి, ఏమీ కాదు. కడితే మళ్లీ నీడలో ఆరబెట్టి, మడత మార్చి, పలుచటి నూలుగుడ్డలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు నేరుగా జరీకి తగలనివ్వకండి. పనిముట్లు తుడవండి, కత్తికి పదును పెట్టించండి. దసరాకు ఆయుధపూజ పేరుతో ఏటా ఒకరోజు వస్తువులకు బొట్టు పెట్టి దండం పెట్టే జాతి మనది. నాది కాని వస్తువును నేను ఎక్కువ జాగ్రత్తగా చూసుకోవాలి, ఎందుకంటే దాన్ని నమ్మి నా చేతికిచ్చారు. నిర్లక్ష్యానికి వైరాగ్యం అని పేరు పెట్టుకోవద్దు. తలుపులు బార్లా వదిలేసి, టైర్లలో గాలి లేకుండా, తడి బట్టలు మూలన పడేసి "నాకు వీటి మీద ఆసక్తి లేదండీ" అనేవాళ్లది బద్ధకం.

వాడేటప్పుడు పూర్తిగా వాడండి. మామిడిపండు తింటూ రెండో పండు ధర గురించి మాట్లాడకండి. నూజివీడు రసం చేతులమీదుగా కారుతుంటే ఆ రుచి మీదే ఉండండి. గీత "రాగద్వేషాలు లేని ఇంద్రియాలతో విషయాల మధ్య తిరిగేవాడికి మనసు తేటపడుతుంది" అంటుంది. విషయాలను వదిలి పారిపోమనలేదు, వాటి మధ్యనే తిరగమంది. కావాలన్న ఆత్రం, పోతుందన్న భయం, ఈ రెండే రుచిని తినేసేవి.

బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్య మహర్షి తన భార్య మైత్రేయికి చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. ఇల్లు విడిచి వెళ్తూ ఆస్తి పంచిస్తానన్నాడు. ఈ భూమంతా ధనంతో నిండి నాదైతే అమరత్వం వస్తుందా అని ఆమె అడిగింది. రాదు, ఉన్నవాళ్ల బతుకులాంటి బతుకు వస్తుంది అన్నాడు. ఆ తర్వాతే చెప్పాడు, ఏదైనా మనకు ప్రియమయ్యేది దాని కోసం కాదు, ఆత్మ కోసమే అని. దీన్ని ఇంట్లో పరీక్షించవచ్చు. పాత పాట వింటూ కళ్లు మూసుకున్నప్పుడు వచ్చే ఆనందం స్పీకర్ లోంచి రావడం లేదు. కోరిక కాసేపు ఆగితే లోపలి నుంచి పైకి వస్తోంది. ఇది ఒకసారి గమనిస్తే వస్తువు మీద గౌరవం మిగులుతుంది, ఆధారపడడం తగ్గుతుంది.

6. చేయి విప్పడం అలవాటు చేయండి

మొదటి మెట్టులో రాసిన కాగితం ఇప్పుడు తీయండి. అందులో అన్నిటికన్నా తేలికైనది ఎంచుకుని, అడిగినవాళ్లకు వాడుకోవడానికి ఇవ్వండి. "జాగ్రత్త" అని ఒక్కసారే చెప్పండి. మధ్యలో ఫోన్ చేసి అడగకండి. తిరిగొచ్చినప్పుడు వాళ్ల ఎదుట తిప్పి తిప్పి చూడకండి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది కానీ చేసి చూస్తే తెలుస్తుంది.

మన ఆడవాళ్లకు ఇది నోముల్లోనే నేర్పారు. "ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం." ఇచ్చే చేయి, తీసుకునే చేయి రెండూ గౌరవంగా ఉంటాయి అక్కడ. ఇవ్వడంలో గొప్పా లేదు, తీసుకోవడంలో తక్కువా లేదు. అక్షయ తృతీయ కూడా అంతే. ఆ రోజు ఎండలో దాహంగా ఉన్నవాళ్లకు నీళ్ల కుండ దానమిస్తే పుణ్యం తరగదని పెద్దల మాట. ఇప్పుడు ఆ రోజు నగల షాపుల ముందు క్యూలు కడుతున్నాం. కొనుక్కోండి, కానీ ఒక కుండ నీళ్లు కూడా పెట్టండి.

ఇవ్వాలనిపించిన వెంటనే ఇచ్చేయండి. ఆలస్యమయ్యే కొద్దీ మనసు బేరం మొదలుపెడుతుంది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే ముందు దళిత కుటుంబాల వాళ్లు 80 ఎకరాలు భూమి కావాలని అడిగారు. ఆ ఊరి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి అక్కడికక్కడే లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అలా మొదలైంది. అడిగినదానికన్నా ఎక్కువ ఇవ్వడం ఇంటికెళ్లి ఆలోచించుకునేవాళ్ల వల్ల అయ్యే పని కాదు.

కాశీకి వెళితే ఇష్టమైన కాయో పండో వదిలిరావడం ఆచారం కదా. చాలామంది ఎప్పుడూ తినని కూర పేరు చెప్పి వచ్చేస్తారు. ఆచారం పెట్టినవాళ్లు ఇష్టమైనదే వదలమన్నారు. కాశీ దాకా వెళ్లకపోయినా కార్తీకమాసమంతా జాబితాలో పైన ఉన్న వస్తువును వాడకుండా ఉండి చూడండి. అది లేకుండా కూడా రోజు గడుస్తుందని శరీరానికి తెలియాలి. అయితే దీన్నే సాధన మొత్తం అనుకోవద్దు. ఉపవాసం ఉన్నవాడికి విషయాలు దూరమవుతాయి, వాటి మీద రుచి మాత్రం మిగిలిపోతుందని గీతే హెచ్చరించింది. నెల తర్వాత ఆ వస్తువును మళ్లీ మామూలుగా వాడుకోండి. ఆబ తగ్గిందా లేదా అప్పుడు తెలుస్తుంది.

ఇంకొక్కటి. మీ వైరాగ్యం మీ వస్తువులకే పరిమితం. భార్య నగలు ఆమెవి, వాటిని దానం చేసే హక్కు మీకు లేదు. పిల్లల బొమ్మలు వాళ్లను అడగకుండా పంచిపెట్టకండి.

7. పోయినప్పుడు, పగిలినప్పుడు

పిల్లవాడి చేతిలోంచి గాజు జగ్గు జారి పగిలింది. మీ నోటి నుంచి వచ్చే మొదటి మాట ఏమిటి? "ఎంత పెట్టి కొన్నానో తెలుసా" అనా, "కాలికి గుచ్చుకుందా" అనా? ఈ ఒక్కటి మార్చుకోండి చాలు. ముందు మనిషిని చూడాలి, తర్వాత వస్తువును చూడాలి. కారుకు ఎవరో గీత పెట్టినా అంతే. దిగి, అవతలి మనిషికి దెబ్బ తగిలిందేమో అడిగి, ఆ తర్వాత గీత చూడండి. మొదట్లో ఇది బలవంతంగానే చేయాల్సి వస్తుంది. చేస్తూ ఉంటే అదే అలవాటవుతుంది.

దొంగతనం జరిగితే పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, ఇన్సూరెన్సు ఉంటే క్లెయిమ్ చేయండి. అప్పు తీసుకున్నవాడు ఎగ్గొడితే నోటీసు పంపండి. మమకారం లేకపోవడం మోసపోవడానికి ఒప్పుకోవడం కాదు. చేయాల్సింది చేశాక, రాత్రి పడుకోబోయేటప్పుడు మనసులో కేసు నడపడం ఆపాలి. వచ్చేవీ పోయేవీ నిలిచేవి కావు, ఓర్చుకో అని అర్జునుడికి చెప్పిన మాటను అప్పుడు గుర్తు చేసుకోండి. బాధ వెంటనే పోదు. రెండు రోజులు ఉండనివ్వండి, కానీ వచ్చిన ప్రతివాళ్లకూ ఆ కథ చెప్పకండి. చెప్పిన ప్రతిసారీ వస్తువు మళ్లీ పోతుంది.

8. జ్ఞాపకాల వస్తువులు, ఆస్తులు

అమ్మ చీర, నాన్న చేతి గడియారం. వీటి విషయంలో తొందరపడకండి, ఎవరినీ తొందరపెట్టకండి. మన ఆచారంలో పెద్దలు పోయాక కర్మ రోజుల్లోనే గొడుగు, చెప్పులు, పరుపు, చెంబు దానమిస్తారు. దుఃఖంలో ఉన్న ఇంటికి మొదటి ముడి విప్పి ఇచ్చే పద్ధతి అది. మిగిలినవాటికి సమయం పడుతుంది. ఒకటి రెండు దగ్గర ఉంచుకోండి, దాచకుండా వాడండి. నాన్న గడియారం కట్టుకుని ఆఫీసుకు వెళ్లండి. మిగతావి అవసరమున్నవాళ్లకు చేరేలా చూడండి. ఏడాది పట్టినా ఫర్వాలేదు.

ఊళ్లో తాళం వేసిన ఇళ్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడి, తాతల ఇల్లు అమ్మలేక, ఉండలేక, చెదలు పట్టిస్తున్నవాళ్లు చాలామంది. ఆ ఇంటిని ఎవరికైనా ఉండనివ్వండి. ఊరి పిల్లలకు సాయంత్రం చదువు చెప్పే చోటుగా ఇవ్వండి. కనీసం కౌలు రైతు ధాన్యం పెట్టుకోవడానికి ఇవ్వండి. కాగితం మాత్రం రాసుకుని ఇవ్వండి.

వీలునామా రాయండి. ఆస్తి ఉన్నవాళ్లెవరైనా, వయసు ఎంతైనా రాయాలి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే గొడవలు తగ్గుతాయి. రాసేటప్పుడు ప్రతి వస్తువు పక్కనా మరొకరి పేరు పెట్టాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి ప్రవచనాలు విన్నా కదలని ముడి అక్కడ కదులుతుంది. అయితే బతికుండగానే అన్నీ పిల్లల పేరున రాసేసి వాళ్ల మీద ఆధారపడకండి. గిఫ్ట్ డీడ్ ఇవ్వాలనుకుంటే మిమ్మల్ని చూసుకోవాలన్న షరతు అందులో స్పష్టంగా రాయించండి. అలా రాసి ఉంటే, పిల్లలు చూడనప్పుడు తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ కింద ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలుంది. ఉండే ఇల్లు, మందుల డబ్బు మీ చేతిలోనే ఉంచుకోండి. అది మమకారం కిందికి రాదు.

మిగిలినవాటిలో ఇష్టమైనవి మాత్రం వీలునామా దాకా ఆపకండి. లాకర్‌లో ఉన్న వడ్డాణం మనవరాలికే ఇవ్వాలనుకుంటే ఆమె పెళ్లికో, అంతకు ముందు వచ్చే ఏ పండక్కో ఇచ్చేయండి. మీరు చూస్తుండగానే ఆ పిల్ల పెట్టుకుని తిరుగుతుంది.